ట్యూబ్ యాంపా, మోడలరా: బరంపురం వైపు వాయించేవాళ్లకి ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు గిటార్ వాయించే కుర్రాళ్ల చేతిలో కాస్త డబ్బు కూడితే ముందు వచ్చే ప్రశ్న ఇదే: వాక్యూమ్ ట్యూబులతో నడిచే ట్యూబ్ యాంప్ కొనాలా, దాని సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే మోడలర్ కొనాలా? చర్చిలో, స్టేజీ మీద వాయించేవాళ్లైతే మోడలరే కొనండి. అయితే ట్యూబ్‌లో ఏముందో తెలుసుకుని కొనండి. మోడలర్ అనుకరించేది దాన్నే మరి.

ట్యూబ్ గొప్పతనం చెవికన్నా ముందు చేతికి తెలుస్తుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్ అనే ట్యూబ్ యాంప్ సంగతే చూడండి: 22 వాట్లు, ఒక 12 అంగుళాల స్పీకర్, పవర్ సెక్షన్‌లో రెండు 6వీ6 ట్యూబులు. వాల్యూమ్ తక్కువలో గంట కొట్టినంత తేటగా ఉంటుంది. బాగా పెంచి తీగను గట్టిగా మీటితే సిగ్నల్ శిఖరాలు ఒక్కసారిగా తెగిపోవు, మెల్లగా గుండ్రబడతాయి. కరెంటును డీసీగా మార్చేది కూడా 5ఏఆర్4 అనే ట్యూబే. అందుకని గట్టిగా కొట్టినప్పుడు లోపలి వోల్టేజీ క్షణంపాటు కుంగి మళ్లీ లేస్తుంది, స్వరం కాస్త అణిగి విచ్చుకుంటుంది. గిటార్ మీది వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే పెడల్ ముట్టుకోకుండానే మళ్లీ తేటపడుతుంది. ఆ సుఖం మరిగినవాళ్లు అంత తేలిగ్గా వదలరు.

చిక్కేమిటంటే, అదంతా గట్టిగా పెడితేనే వస్తుంది. చిన్న చర్చి హాల్లో 22 వాట్లకే పాడేవాళ్ల గొంతు మునిగిపోతుంది.

ఇక కరెంటు. పెళ్లి పందిళ్లలో, ఠాకురాణి యాత్ర స్టేజీల దగ్గర జనరేటరు మీద, బారెడు వైర్ల మీద నడిచే లైనులో 230 వోల్టులు నిలకడగా రావు. ట్యూబ్ హీటరుకు కావాల్సింది 6.3 వోల్టులు. మెయిన్స్ పడితే అదీ పడుతుంది, సౌండ్ నీరసపడుతుంది. అమెరికా చుట్టాలు తెచ్చిన 120 వోల్టుల యాంప్ అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మోయాలి. యాంపే 19 కిలోలు! ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండిపోవచ్చు. తెలియనివాళ్లు వెనక మూత విప్పొద్దు.

మోడలర్లు చాలా దూరం వచ్చాయి. 1998 నాటి లైన్ 6 పాడ్ ఎక్కడ, 2011లో వచ్చిన కెంపర్ ఎక్కడ! ఇప్పుడు లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అసలు యాంప్‌లోకి టెస్ట్ సిగ్నల్ పంపి, బయటికొచ్చినదాన్ని చూసి నేర్చుకున్న మోడల్ అది. కాకపోతే మామూలుగా ఒక క్యాప్చర్‌లో, అంటే అలా నేర్చుకున్న ఒక మోడల్‌లో, ఉండేది నాబుల ఒక్క అమరికే.

కొన్నవాళ్లు "సౌండ్ పలచగా ఉంది" అని బాధపడేది చాలాసార్లు స్పీకర్ వల్ల. మోడలర్ ఇచ్చేది మైకు పట్టిన యాంప్ సౌండ్, గదిలో ఎదురుగా నిలబడి విన్నది కాదు. దాన్ని నాసిరకం మానిటర్ స్పీకర్‌లోకి పంపితే ఎంత ఖరీదైన మోడలరైనా ఏడుస్తుంది. బడ్జెట్‌లో మంచి మానిటర్‌కి వాటా ముందే తీసిపెట్టండి. యాంప్ పెట్టెలాగే కావాలంటే ఫెండర్‌దే టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ ఉంది. పూర్తిగా డిజిటల్, బరువు దాదాపు సగం, పవర్ 0.2 వాట్ల దాకా తగ్గించుకోవచ్చు.

ట్యూబ్ ఎవరికి? గట్టిగా పెట్టుకునే గది, నికరమైన కరెంటు, రిపేరు తెలిసిన మనిషి, మూడూ ఉన్నవాళ్లకి. వాళ్లు నిస్సంకోచంగా కొనొచ్చు.

మోడలర్ కొనేముందు మీ గిటారే పట్టుకెళ్లండి. గట్టిగా మీటితే సౌండ్ కొంచెం చిట్లే (డిస్టార్ట్ అయ్యే) మోడల్ పెట్టి, గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించి మెల్లగా మీటండి. తేటపడకపోతే ఇంకోటి చూపించమనండి.