మల్లేశ్వరం ఫ్రేముల షాపులో వాన్ హైసమ్ పూలు

పెళ్లి మండపాలకి పూల డెకరేషన్ చేయడం మా పని. ఆఫీసు గోడకి డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హైసమ్ వేసిన మట్టి కుండీలో పూల బొమ్మే ఉండాలని నా పట్టుదల. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, నాలుగడుగులకి పైనే ఎత్తు. మొదట ఆన్‌లైన్‌లో ఒకచోట దాని ప్రింటు తెప్పించుకుంటే ఎరుపులు మండిపోయాయి, నీడలో ఉన్న ఆకులన్నీ నల్లటి ముద్దయ్యాయి.

బెంగళూరు మల్లేశ్వరంలో ప్రింటు వేసి ఫ్రేము కట్టే ఈ షాపాయన పద్ధతే వేరు. "ముందు ఒక ముక్క వేసి చూపిస్తాను మేడమ్, నచ్చితేనే మిగతాది" అన్నారు. కింద పక్షిగూడు ఉన్న భాగం జానెడు వేసిచ్చారు. గుడ్ల మీద వెలుగు, గూటి పుల్లలు విడివిడిగా తెలిశాయి. బయట ఎండలో పెట్టి చూసి, ఆకుల్లో పసుపు తగ్గించమన్నాను. మారుమాట లేకుండా మళ్లీ వేశారు. 40 బై 30 రెడీమేడ్ ఫ్రేము చాలులెండి అంటే ఆయనే ఒప్పుకోలేదు: "నాలుగంగుళాలు కోయాల్సొస్తుంది. కింద కోస్తే గూడు పోతుంది, పైన కోస్తే పూలు పోతాయి." 44 అంగుళాల ఎత్తున మ్యాట్ కాన్వాస్ మీద వేసి, గ్లాసు వద్దన్నారు. ట్యూబ్‌లైటు మెరుపు పడదు, నీడలు కనిపిస్తాయి.

ఆ నీడల కోసమే ఇంత పట్టింపు. మా ఆఫీసుకి వచ్చినవాళ్లు "అచ్చం నిజం పూలే" అంటారు. ప్రతి పూవూ నిజమే, కానీ అలాంటి గుత్తి ఎవరూ కట్టలేరు. కుండీ అంచు దాటి కిందికి వాలిన పూల కాడలకి నీళ్లెలా అందుతాయి? పైగా వేర్వేరు నెలల్లో పూసేవి ఒక్కచోట ఉన్నాయి. సంతకంతో పాటు 1736, 1737 అని రెండేళ్లూ రాశాడు వాన్ హైసమ్. పూవు ఎదురుగా ఉంటే తప్ప వేసే మనిషి కాదు. పసుపు గులాబీ దొరక్క ఓ బొమ్మ ఆగిపోయిందని 1742లో ఉత్తరం కూడా రాశాడు. మనం తెల్లారుజామున కె.ఆర్. మార్కెట్‌కి వెళ్తే గులాబీలు ఏ నెలలోనైనా బుట్టలకొద్దీ దొరుకుతాయి. ఆయన రెండేళ్లు ఎదురుచూసిన పూలన్నీ ఆ కుండీలోకి చేరాయి, అందుకే అంత కిక్కిరిసి ఉంటుందని నా నమ్మకం. మేమైతే పూల మధ్య ఖాళీ వదులుతాం. ఆయన ఖాళీ ఉన్నచోట నీడలో ఇంకో ఆకు పెట్టాడు. ప్రింటులో అది పోతే బొమ్మలో సగం పోయినట్టే.

రేటు బయటికంటే ఎక్కువే, అయినా ఇవ్వొచ్చు. ఒక్క లోటు: వెనక వేసిన కొక్కెం ఈ బరువుకి చాలదు, రెండు అడిగి వేయించుకోండి. శనివారం మాత్రం వెళ్లకండి, రద్దీలో శాంపిల్ చూపే తీరిక ఆయనకి ఉండదు.