బూట్ కాని ల్యాప్‌టాప్: ఇమేజ్ రీస్టోరా, కొత్త ఇన్‌స్టాలా?

విండోస్ ల్యాప్‌టాప్ బూట్ కాకుండా మొండికేస్తే, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉన్నవాళ్లకు దారులు రెండు: సిస్టమ్ ఇమేజ్‌ను (విండోస్‌తో సహా డిస్క్‌కు తీసిన పూర్తి నకలు) రీస్టోర్ చేయడం, లేదా విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం.

సిస్టమ్ ఇమేజ్ ఉంటే ప్రోగ్రాములు, సెట్టింగులతో సహా పాత సిస్టమ్ ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ వేసి, దాంతో బూట్ చేసి, ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ (కొత్త ఇన్‌స్టాలర్లలో ‘రిపేర్ మై పీసీ’), ‘ట్రబుల్‌షూట్’ మీదుగా ‘సిస్టమ్ ఇమేజ్ రికవరీ’కి వెళ్లాలి. చిక్కులన్నీ ఇక్కడే. ఇమేజ్ ఉండే ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ ఫోల్డర్‌ను పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా ఇమేజే లేదంటుంది. 500 జీబీ డిస్క్ నుంచి తీసిన ఇమేజ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కదు, అందులో వాడింది 80 జీబీయే అయినా సరే. ఇమేజ్ యూఈఎఫ్‌ఐలో (కొత్త కంప్యూటర్లు బూట్ అయ్యే పద్ధతి) తీసి ఉంటే పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్‌ఐలోనే బూట్ కావాలి. డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి, ఇమేజ్ తర్వాత చేసిన ఫైళ్లుంటే ముందే బయటికి తీయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే అందుకు 48 అంకెల రికవరీ కీ కావాలి.

వైరస్ పట్టిన సిస్టమ్‌కైతే కొత్త ఇన్‌స్టాలే నయం. వైరస్ పట్టాక తీసిన ఇమేజ్ ఆ జబ్బును కూడా వెంటబెట్టుకొస్తుంది. ఫైళ్లు బ్యాకప్ నుంచి కాపీ చేస్తే సరి, ప్రోగ్రాములే ఒక్కొక్కటీ మళ్లీ వేసుకోవాలి. ఓ పూట పోతుంది. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించకపోతే అది చెడిందని కంగారుపడకండి. ఈమధ్య వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ (డిస్క్‌ను నడిపే ఇంటెల్ సదుపాయం) ఆన్‌లో ఉంటే ఇలాగే అవుతుంది. తయారీదారు సైట్ నుంచి రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, అన్‌జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.