మిల్లీమీటర్ గ్రాఫ్ పుస్తకం: పదకొండేళ్లు వాడాక రాస్తున్నా

గుంటూరులో ఇళ్ల ప్లాన్లు, వుడ్‌వర్క్ డ్రాయింగులు గీస్తాను. ఆటోక్యాడ్ ఉంది, పర్మిషన్‌కి పెట్టే డ్రాయింగ్ అందులోనే చేస్తాం, కానీ ఇంటివాళ్లతో కూర్చున్న మొదటి రోజు నుంచి గదులు ఖాయమయ్యేదాకా నా చేతిలో ఉండేది పిల్లలు లెక్కలకి కొనుక్కునే గ్రాఫ్ పుస్తకమే, 1 మి.మీ. గళ్లు, ప్రతి సెంటీమీటరుకి ఒక లావు గీత, ఆకుపచ్చ రంగు. పదకొండేళ్లలో ఎన్ని పుస్తకాలు అయిపోయాయో లెక్క లేదు. మంచీ చెడూ రెండూ రాస్తా, ఇల్లు కట్టుకోబోయేవాళ్లు సొంతంగా గీసుకోడానికి కూడా పనికొస్తాయి.

మొదట్లో నేను వాడింది ఇది కాదు, 5 మి.మీ. గళ్ల ప్యాడ్. ఒక గడి అంటే ఒక అడుగు, చూడ్డానికి చాలా సుఖం. కానీ దాంట్లో ఒక పెద్ద దోషం ఉంది, నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. గోడకి మందం ఉండదు. మన తొమ్మిదంగుళాల గోడ అంటే ముప్పావు గడి, దాన్ని ఎవరు గీస్తారు, ఒక గీత గీసి గోడ అనేస్తాం. ముప్పై అడుగుల వెడల్పు స్థలం, పదేసి అడుగుల గదులు మూడు, గళ్లు లెక్కపెడితే సరిగ్గా ముప్పై, ఇంటివాళ్లకి సంతోషం, తీరా ముగ్గుపోసేటప్పుడు చూస్తే నాలుగు గోడలకి ముప్పావు అడుగు చొప్పున మూడడుగులు పోయాయి. పది అడుగులన్న గది తొమ్మిదే వచ్చింది. మంచం, బీరువా పెట్టాక నడిచే దారి ఉండదు ఆ గదిలో. మీరు ఇంట్లో కూర్చుని గళ్ల నోట్‌బుక్‌లో గీసుకుంటుంటే దయచేసి ముందు ఇది చూసుకోండి, నా దగ్గరికి కాగితం పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే.

తర్వాత మిల్లీమీటర్ గ్రాఫ్‌కి మారా. దీంట్లో నేను పెట్టుకున్న లెక్క ఒక చిన్న గడి అంటే మూడంగుళాలు. అంటే అడుగుకి 4 గళ్లు, తొమ్మిదంగుళాల గోడకి సరిగ్గా 3 గళ్లు, నాలుగున్నర గోడకి గడిన్నర, మూడడుగుల గుమ్మానికి 12 గళ్లు. గోడ తన చోటు తను తీసుకుంటది, మర్చిపోదామన్నా కుదరదు. ఇంకో అదృష్టం ఏంటంటే మన దగ్గర ఎక్కువగా కనిపించే 200 గజాల స్థలం, అదే 30 × 60, ఈ లెక్కలో 12 × 24 సెంటీమీటర్లు అవుతుంది, నా పుస్తకంలో గళ్లు ఉన్న భాగం 18 × 24, నిలువుగా అచ్చం పట్టేస్తుంది. కొలతలు పక్కన తెల్ల మార్జిన్‌లో రాసుకోవచ్చు. అదే 5 మి.మీ.కి అడుగు వేస్తే 60 అడుగులు 30 సెం.మీ. కావాలి, ఏ4 కాగితమే 29.7, బయటికి పోతుంది. (అడుగుకి 4 మి.మీ. అంటే 1:76.2, అసలు కొలత కాగితం మీది కన్నా 76.2 రెట్లు, ఇంజినీర్లు వాడే ఏ స్కేలు పట్టీ మీదా ఈ నిష్పత్తి ఉండదు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు మొహం చిట్లిస్తారు. నాకు స్కేలు పట్టీతో పని లేదు, గళ్లు లెక్కపెడతా.)

ఒక ఇబ్బంది, లావు గీతలు అడుగులతో కలవవు. సెంటీమీటరు అంటే రెండున్నర అడుగులు అవుతుంది. అందుకని ప్లాన్ మొదలుపెట్టగానే పైన, పక్కన ప్రతి 20 గళ్లకి, అంటే ఐదడుగులకి, ఎర్ర పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటా. రెండు లావు గీతలకి ఒక గుర్తు. రెండు నిమిషాల పని.

ఇక నేను కంప్యూటర్ పక్కనపెట్టి ఈ కాగితం మీదే కూర్చోడానికి అసలు కారణం ఇంటివాళ్లు. స్క్రీన్ మీద చూపిస్తే "బాగుందండీ" అని వెళ్లిపోతారు, ఏం అర్థమైందో తెలీదు. గ్రాఫ్ ముందు పెడితే వేలుపెట్టి లెక్కపెడతారు. మాది బ్రాడీపేట, ఇక్కడ అడ్రసే 4/14 అని చెప్తాం, నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు, కాబట్టి గుంటూరు వాళ్లకి ఇట్లా ఎన్ని, అట్లా ఎన్ని అనేది నేర్పక్కర్లేదు. నల్లపాడు వైపు ఒక ఇంటికి గీస్తున్నప్పుడు ఆ ఇంటి పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని వంటగది గళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి "బాబూ, గ్రైండరు ఇక్కడ పెడితే తలుపు ఎట్లా తెరుచుకుంటదయ్యా" అన్నారు. నిజమే, తలుపు తిరిగే చోటు నేను చూసుకోలేదు. అప్పట్నుంచి ప్రతి తలుపుకీ కంపాస్‌తో ఆ వంపు గీస్తున్నా.

వాస్తు చూసేవాళ్లు సింహద్వారం కోసం ముఖభాగాన్ని తొమ్మిది భాగాలు చేయమంటారు. ముప్పై అడుగులు నా కాగితం మీద 120 మి.మీ., తొమ్మిదో వంతు 13.33, ఏ గీత మీదా పడదు. దీనికి స్కేలు ఏటవాలుగా పెట్టండి, సున్నా ఎడమ హద్దు గీత మీద, 13.5 సెం.మీ. కుడి హద్దు గీత మీద పడేట్టు, ప్రతి ఒకటిన్నర సెంటీమీటరుకి చుక్క పెట్టి నిలువు గీతలకి సమాంతరంగా కిందికి దించండి, తొమ్మిది సమాన భాగాలు వచ్చేస్తాయి.

వంటగదికి, అల్మారాలకి, మెట్లకి మాత్రం ఒక గడి ఒక అంగుళం. 24 అంగుళాల ప్లాట్‌ఫాం 24 గళ్లు, ఇంక ఆలోచించేదేముంది. ప్లైవుడ్ షీటు 8 × 4 అడుగులు కాబట్టి 96 × 48 గళ్లు, ఒక పేజీలో ఆరు షీట్లు పడతాయి, ముక్కలు అందులో సర్దుకుంటే ఎన్ని షీట్లు కొనాలో అక్కడే తేలిపోతుంది. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి, పెన్సిల్ గీతకి మందం లేకపోయినా బ్లేడుకి ఉంది, కోతకి 3 మి.మీ. దాకా పోతుంది, నాలుగడుగుల షీటులో రెండు ముక్కలు కోస్తే నిండు రెండడుగులవి రావు. కార్పెంటర్ మేస్త్రికి ఇది తెలుసు, గీసే మనకే గుర్తుండదు.

ఈ వంటగది లెక్కలోనే నాకు ఒకసారి డబ్బు పోయింది. పుస్తకం అయిపోయిందని గ్రాఫ్ పీడీఎఫ్ ఒకటి పెట్టి ప్రింట్ తీయించా, ప్రింటర్‌లో ఫిట్ టు పేజ్ ఆన్‌లో ఉంది, గళ్లు వంద వంతుల్లో తొంభై ఆరుకి కుంచించుకుపోయాయి, చూపుకి తేడా తెలీదు. దాని మీద గీసి, గ్రానైట్ సైజు ఇచ్చేటప్పుడు తొందరలో గళ్లు లెక్కపెట్టకుండా స్కేలు పెట్టి కొలిచా. పది అడుగులు అంటే 120 రావాలి, 115 వచ్చింది, అదే రాసిచ్చా. రాయి ఐదంగుళాలు తక్కువొచ్చింది, కోసిన రాయి అతకదు గదా, కొత్తది నా డబ్బుతో వేయించా. గళ్లు లెక్కపెట్టి ఉంటే తప్పు జరిగేదే కాదు, ఎందుకంటే కాగితం కుంచించుకుంటే గడి కూడా దాంతోపాటే కుంచించుకుంటుంది, లెక్క మారదు. జిరాక్స్ అయినా, వాట్సాప్ ఫోటో అయినా అంతే. ఇప్పుడు ప్రింట్ తీయాల్సివస్తే యాక్చువల్ సైజ్ పెట్టించి, పది సెంటీమీటర్లు నిజంగా పది ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసుకునే బయటికొస్తా.

కాగితం క్వాలిటీ గురించి. చవక పుస్తకాలు పల్చగా ఉంటాయి, రెండుసార్లు రబ్బరు వేస్తే నూగు లేచిపోతుంది, గడి గీత కూడా చెరుగుతుంది. అందుకని గ్రాఫ్ కింద పెట్టి పైన ట్రేసింగ్ పేపర్ వేసి గీస్తున్నా, ఒక్క గ్రాఫ్ షీటు నెలల తరబడి వస్తుంది, ఇంటివాళ్లు ఐదుసార్లు మార్చమన్నా ఐదు ట్రేసింగులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఏది బాగుందో చూపించొచ్చు. ఎండాకాలం రోహిణి కార్తెలో చేతి చెమటకి పెన్సిల్ అలుక్కుపోతుంది, చేతికింద ఇంకో కాగితం తప్పదు. వానాకాలం తేమకి కాగితం ఉబ్బుతుంది, అదీ రెండు వైపులా సమానంగా కాదు, పీచుకి అడ్డంగా ఎక్కువ, నాలుగు మూలలా టేపు వేస్తే మధ్యలో పొంగుతుంది. పైన రెండు మూలలకే వేయండి.

రంగు కూడా చూసి కొనండి. ముదురు ఆకుపచ్చ గీతలు ఫోటోలో పెన్సిల్ని మింగేస్తాయి, ఖాయమైన ప్లాన్ మీద పెన్నుతో దిద్దాకే పంపిస్తా. లేత నీలం గళ్లవి దొరికితే అవే తీసుకోండి, జిరాక్స్‌లో గళ్లు దాదాపు మాయమై గోడలు మాత్రం మిగులుతాయి.

పెన్సిల్ 0.5 మెకానికల్, హెచ్‌బీ సీసం. ఇంకా గట్టిదైన 2హెచ్ సీసం వాడా గానీ పల్చటి కాగితం మీద గాడి పడుతుంది, చెరిపినా పోదు. పుస్తకం కొనేముందు ఒక పేజీ మీద స్కేలు పెట్టి అడ్డం, నిలువు రెండూ కొలవండి, ఆఖరి లావు గీత దగ్గర తేడా కనిపిస్తే ఇంకోటి తీసుకోండి.