జనరేటర్ సెల్లార్ గదిలోనా, బయట కెనాపీలోనా: ఏది మేలు?

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలైతే చాలు, తెలిసిన అపార్ట్‌మెంట్ వాళ్లందరిదీ ఇదే ప్రశ్న. సెల్లార్‌లో సౌండ్‌ప్రూఫ్ గది కట్టించి జనరేటర్ అందులో పెట్టాలా, కెనాపీతో, అంటే శబ్దం ఆపే ఇనుప పెట్టెతో వచ్చే సైలెంట్ సెట్ కొని బయట పెట్టాలా? మా నలభై ఫ్లాట్లకు పోయిన ఏడాది 62.5 కేవీఏ (కేవీఏ అంటే జనరేటర్ సామర్థ్యపు కొలత) సెట్ తీసుకునేటప్పుడు మేమూ దీని మీద నెలరోజులు వాదించుకున్నాం.

అందరూ శబ్దం దగ్గర మొదలుపెడతారు. కానీ తేడా అక్కడ లేదు. 2005 నుంచి తయారైన 1000 కేవీఏ లోపు సెట్లకు కెనాపీ నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన ఉంది. గోడలకు రాక్‌ఊల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) సరిగ్గా వేయిస్తే గది కూడా శబ్దాన్ని బాగానే ఆపుతుంది.

అసలు సంగతి గాలి. కాలిన డీజిల్‌లో సుమారు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతాది చాలావరకు వేడే, అది బయటికి పోవాలి. కెనాపీలో గాలి వచ్చే దారి, పోయే దారి కంపెనీ వాళ్లే లెక్కగట్టి పెడతారు. గదికైతే ఆ లెక్క మనం వేయించుకోవాలి. శబ్దం రాకూడదని కంతలన్నీ మూసేస్తాం, రేడియేటర్ ముందు బయటికి డక్ట్ (వేడిగాలి పోయే గొట్టం) వేయించం. కాసేపటికే సెట్ వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు వాచ్‌మన్ తలుపు బార్లా తెరుస్తాడు. ఇక సెల్లార్ నిండా శబ్దం, పొగ. మా పాత సెట్‌తో రెండు వేసవులు ఇదే వరస.

వాచ్‌మన్ కుటుంబం ఉండేది ఆ పక్క గదిలోనే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. ఒక రాత్రి వాళ్ల పాప తలనొప్పని ఏడ్చిందని తెలిశాక నేను మరో మాట వినలేదు. కెనాపీయే అన్నాను.

బయట ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. ఫైరింజన్ తిరిగే దారి వదలాలి. వేడిగాలి వచ్చే వైపు ప్రహరీ దగ్గరగా ఉంటే ఆ గాలే తిరిగి లోపలికి పోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, కాబట్టి పడకగది కిటికీలకు వీలైనంత దూరంగా ఉండాలి. పొగగొట్టాన్ని మొదటి అంతస్తు దగ్గర ఆపేస్తామంటే ఒప్పుకోకండి. ఈ సైజుకు అది భవనం కంటే మీటరున్నర పైనే ఉండాలి.

బయట అసలు జాగా లేకపోతే గది తప్పదు. అలాంటప్పుడు వేడిగాలి డక్ట్‌కు, పొగగొట్టానికి అయ్యే ఖర్చు ముందే కలుపుకోండి. పాత సెట్‌కు షెడ్డులో రేకు డబ్బా చేయించడం మాత్రం వద్దు, మళ్లీ అదే గాలి సమస్య.

ఎక్కడ పెట్టినా బాడీకి రెండు, న్యూట్రల్‌కు రెండు ఎర్త్ పిట్లు (ఎర్తింగ్ గుంతలు) ఉండాలి. సరైన చేంజోవర్ (లైను, జనరేటర్ రెండింట్లో ఒక్కదాన్నే కలిపే స్విచ్) లేకపోతే మన కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఆఖరి వాయిదా కట్టేముందు మిట్టమధ్యాహ్నం పూర్తి లోడు మీద, తలుపులన్నీ మూసి, ఒక గంట నడిపించి చూడండి.