గాజువాక షెడ్డులో జీఎన్‌యూ యూనిట్స్: పదేళ్లు పైబడిన వాడకం తర్వాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తొక్కి పోయాక మా షెడ్డు పైకప్పు రేకులు సగం పక్క వీధుల్లో దొరికాయి. మిగతా సగం దొరకనే లేదు. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అప్పటిదాకా అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చాలన్నా, పౌండ్లను కిలోల్లోకి మార్చాలన్నా నెట్లో వెతుక్కునేవాణ్ణి. నెట్టే లేనప్పుడు ఏం చేస్తాం? జనరేటరు తిరిగిన కాసేపట్లో చార్జింగ్ పెట్టుకున్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఉంది, అందులో ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన, కొలతలు మార్చిపెట్టే యూనిట్స్ అనే ప్రోగ్రాం ఉంది. ఆ వారం రేకుల లెక్కలన్నీ దాంతోనే చేశాను. అప్పటి నుంచి వదల్లేదు.

ఎక్కడ వాడుతున్నానో కూడా చెప్పాలి. మాది ఓడల పంపులు, వాల్వులు, పైపులు బాగుచేసే చిన్న వర్క్‌షాపు. నా పని ఎస్టిమేషన్. ఒక డ్రాయింగులో పీడనం బార్‌లలో వస్తుంది, ఇంకోదాంట్లో పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో వస్తుంది, మా గేజీ మాత్రం కేజీల్లో చూపిస్తుంది. పంపు ఒకడికి నిమిషానికి గ్యాలన్లు, ఇంకొకడికి గంటకు ఘనపు మీటర్లు. ఉత్తరాది నుంచి వచ్చిన ఫిట్టర్లకు అంగుళంలో ఎనిమిదో వంతు అంటే సూత్. రోజుకు ఇరవై మార్పిళ్లు మామూలే.

ఈ ప్రోగ్రాంకు బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ‘యూ హ్యావ్’ అని అడుగుతుంది, మన దగ్గరున్నది కొడతాం. ‘యూ వాంట్’ అంటుంది, కావలసింది కొడతాం. నక్షత్రం గుర్తు పక్కన జవాబు ఇస్తుంది, దాని కింద గీత గుర్తుతో తలకిందుల అంకె కూడా ఇస్తుంది. కొత్తలో ఆ రెండో అంకె చూసి అందరూ తికమకపడతారు, దాన్ని వదిలేయొచ్చు. ఏడ్రియన్ మరియానో రాసిన ఈ ప్రోగ్రాం ఉచితం. మూడు వేలకు పైగా కొలతలు ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు తెరిచి చదవండి, ఒక్కో కొలత పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో వ్యాఖ్యలుంటాయి. భోజనాల వేళ అది చదువుతూ కూర్చుని చేయి ఎండబెట్టుకున్న రోజులున్నాయి నాకు.

అసలు నాకు నచ్చింది దాని జవాబు కాదు, దాని మొండితనం. మొదటి వారంలోనే, 7 కేజీల గేజీ రీడింగు పీఎస్ఐలో ఎంతో చూద్దామని చదరపు సెంటీమీటరుకు 7 కేజీలని కొట్టాను. కన్ఫార్మబిలిటీ ఎర్రర్, అంటే రెండు కొలతలూ ఒక జాతివి కావని తిట్టి, రెండు వరసలు చూపించింది. ఒకదాంట్లో కిలోగ్రాము, చదరపు మీటరు. రెండో దాంట్లో కిలోగ్రాము, మీటరు, సెకను వర్గం. మా మేస్త్రీ గారు వెనక నుంచి చూసి, “ఏటి బాబూ, గేజీ మీద ఉన్నదే కదా కొట్టినావు, దీనికేటి రోగం?” అన్నారు. రోగం దానిది కాదు. కేజీ అంటే ద్రవ్యరాశి, గేజీ చూపించేది చదరపు సెంటీమీటరు మీద పడే బలం. కేజీఎఫ్ (కిలోగ్రాము బలం) అని కొడితే 99.56 పీఎస్ఐ అని వెంటనే చెప్పింది. డిప్లొమాలో రెండేళ్లు చదివినా బుర్రకెక్కని తేడా ఆ ఒక్క తిట్టుతో ఎక్కింది. వెబ్‌లో డబ్బాలో అంకె వేసి లిస్టులోంచి ఎంచుకునే కన్వర్టర్లు ఇలా అడ్డం పడవు. తప్పు కొలత ఎంచుకునే అవకాశమే ఇవ్వవు కాబట్టి మనం ఏం అడుగుతున్నామో మనకూ తెలియదు.

అయితే అది తిట్టకుండా ఊరుకున్న చోట్లే నాకు డబ్బు పోయింది.

ఒకసారి ఒక యంత్రం బరువు కాగితం మీద 12 టన్నులని ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో మూడక్షరాలే (ton) కొట్టి కేజీల్లో అడిగాను. 10,886 అంది. క్రేను మాట్లాడేశాను. వేబ్రిడ్జి కాటా మీద పెడితే 12,000 చిల్లర తూగింది. చూస్తే ఆ మూడక్షరాల టన్ను దాని లెక్కలో అమెరికా వాళ్ల షార్ట్ టన్ను, అంటే 2,000 పౌండ్లు. మన మెట్రిక్ టన్నుకు ఐదక్షరాల ‘టన్నె’ (tonne) స్పెల్లింగు కొట్టాలి. బ్రిటిష్ లాంగ్ టన్ను ఇంకోటి, 2,240 పౌండ్లు, 1,016 కేజీలు. క్రేను రెండోసారి రప్పించిన ఖర్చు నా జీతంలోంచి పట్టుకోలేదు గానీ పండగ బోనస్ ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. గ్యాలన్‌దీ అదే కథ. ఊరికే గ్యాలన్ అంటే 3.785 లీటర్ల అమెరికా గ్యాలన్ తీసుకుంటుంది, 4.546 లీటర్ల బ్రిటిష్‌ది కావాలంటే ముందు బీఆర్ తగిలించాలి.

ఓడల విషయంలో టన్ను ఇంకా పెద్ద మాయ. గ్రాస్ టన్నేజీ అసలు బరువే కాదు. ఓడ లోపలి చోటుకు సంబంధించిన అంకె. ఓడల టన్నేజీ కొలత మీద 1969లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం లోపలి పరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని, దాని సంవర్గమానాన్ని (లాగరిథం) 0.02తో హెచ్చించి 0.2 కలిపి, వచ్చినదాన్ని మళ్లీ పరిమాణంతో హెచ్చిస్తారు. 10,000 ఘనపు మీటర్లయితే 2,800 వస్తుంది. ఇలాంటి ఫార్ములాలను కూడా ఈ ప్రోగ్రాంలో ఫంక్షనుగా రాసుకోవచ్చు, నేను రాసుకున్నాను.

అర అంగుళం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష రాసి దండగ. 1, అడ్డగీత (/), 2, ఇంచ్ అని కొట్టి మిల్లీమీటర్లు అడిగితే 50.8 అంటుంది. అర అంగుళం రెండంగుళాలైపోయింది! పక్కన పక్కన రాసిన వాటిని ముందు హెచ్చించి తర్వాత భాగిస్తుంది కాబట్టి, దానికి అది ‘ఒకటి కింద రెండంగుళాలు’ అన్నమాట. దాన్ని తిరగేసి జవాబిచ్చి, పైన ‘రెసిప్రోకల్ కన్వర్షన్’ అని చిన్నగా ఒక ముక్క అంటుంది. హడావుడిలో ఆ ముక్క ఎవరు చదువుతారు? భిన్నానికి అడ్డగీత కాదు, నిలువుగీత (|) వాడాలి. స్ట్రిక్ట్ అనే ఆప్షన్ పెట్టి నడిపితే ఈ తిరగేసే తెలివితేటలు మానేస్తుంది. నేను ఇప్పుడు ఎప్పుడూ అలాగే నడుపుతాను.

జ్వరం సంగతీ ఇంతే. బాబుకు థర్మామీటరులో 104 వచ్చిన రాత్రి మా ఆవిడ సెల్సియస్‌లో ఎంతో చూడమంది. డెగ్ఎఫ్ నుంచి డెగ్‌సీకి కొట్టాను. 57.8! అది ఉష్ణోగ్రతల తేడాకు వాడే కొలత. ఉష్ణోగ్రతకైతే టెంప్ఎఫ్ అని రాసి కుండలీకరణాల్లో అంకె పెట్టాలి, అప్పుడు 40 వస్తుంది. “పిల్లాడికి ఒళ్లు కాలిపోతోంటే నీకు కంప్యూటరా” అని ఆవిడ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇక కొన్ని ఏ ప్రోగ్రామూ కాపాడలేనివి. రెండంగుళాల పైపు అంటే 50.8 మిల్లీమీటర్లని అది చెప్పేది నిజమే. పైపు బయటి వ్యాసం మాత్రం 60.3. అక్కడ రెండంగుళాలు కొలత కాదు, పేరు. తీగ, రేకు మందం చెప్పే గేజ్ అంకె కూడా అంతే, 22 గేజ్ అంటే అమెరికా వైరు గేజ్‌లో 0.644 మిల్లీమీటర్లు, బ్రిటిష్ గేజ్‌లో 0.711. రెండింటికీ ఇందులో వేర్వేరు ఫంక్షన్లున్నాయి. తుఫాను తర్వాత కొన్న రేకును మైక్రోమీటరుతో కొలిస్తే ఆ రెండూ కాకుండా మూడోది వచ్చింది, అది వేరే సంగతి. గాలి వేగమూ అంతే. 100 నాట్లంటే గంటకు 185.2 కిలోమీటర్లు, ఇందులో వాదన లేదు. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు చెబుతుంది, అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు చెబుతారు. కాబట్టి ఒకే తుఫానుకు రెండు అంకెలు వస్తే కొలత మార్చి సరిపెట్టలేం.

సొంత ఫైలు సౌకర్యమే దీన్ని నా మిషన్‌లో ఇన్నేళ్లు నిలబెట్టింది. హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే యూనిట్స్ ఫైలు ఒకటి పెట్టుకుని, వరసకొక కొలత రాసుకుంటే చాలు. మొదట రాసింది సూత్, అంగుళంలో ఎనిమిదో వంతు. కావలసిన చోట అడుగులు, అంగుళాలు, సూత్‌లు అని సెమీకోలన్లతో కొడితే విడగొట్టి ఇస్తుంది. 2 మీటర్లంటే 6 అడుగుల 6 అంగుళాల మీద ఆరు సూత్‌లకు ఓ వెంట్రుక తక్కువ.

తర్వాత భూమి. మా బావమరిది మధురవాడ వైపు స్థలం చూస్తూ ఐదు సెంట్లు ఎన్ని గజాలో చూడమన్నాడు. సెంటు అని కొడితే డాలరులో నూరో వంతు అనుకుని, డబ్బును చదరపు గజాల్లోకి మార్చలేనంది. నిజానికి మధురవాడలో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదనుకోండి! ఎకరంలో నూరో వంతుకు వేరే పేరు పెట్టి రాసుకున్నాను. ఐదు సెంట్లంటే 242 గజాలు. గజం దగ్గర ఇంకో మెలిక. మనం 200 గజాల స్థలం అంటే 200 చదరపు గజాలు, ప్రోగ్రాంకు మాత్రం గజం పొడుగు కొలత. వర్గం గుర్తు పెట్టకపోతే ఒప్పుకోదు. పెడితే 1,800 చదరపు అడుగులు, 167 చదరపు మీటర్లు, 4.13 సెంట్లు.

ఫిషింగ్ హార్బరులో బోటు నడిపే తండేలు ఒకాయన లోతు బారల్లోనే, అంటే చాచిన రెండు చేతుల పొడుగులోనే చెబుతాడు. బారను ఆరడుగుల ఫాథమ్‌కు సమానమని రాసుకున్నాను, 18 బారలంటే 32.9 మీటర్లు. “నా చేతులు మా నాన్న చేతులంత పొడుగు కాదు బాబూ” అని ఆయనే నవ్వాడు. శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండరు అంకె వచ్చాక ఇద్దరం దాన్నే నమ్ముతున్నాం.

చిరాకులు కూడా చెప్పాలి. ఏ కొలత ఏ పేరుతో ఉందో గుర్తుండదు, ‘యూ వాంట్’ దగ్గర ప్రశ్నార్థకం కొడితే సరిపడే పేర్లన్నీ దించుతుంది, అది మరీ పెద్ద జాబితా. కరెన్సీ మార్పిడి ఉంది గానీ రేట్లు తెచ్చే స్క్రిప్టు విడిగా నడపాలి, లేకపోతే పాత రేట్లే చూపిస్తుంది. నేను వాడను. ఆఫీసులో కుర్రాళ్లకు నల్ల తెర అంటేనే భయం, వాళ్లు ఫోన్లోనే చూసుకుంటారు. ఒక్కోసారి వాళ్లే నాకంటే ముందు చెబుతారు కూడా.

కిందటి సంక్రాంతికి అమ్మ అడిగితే ధాన్యం కొలతలు ఎక్కించాను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టికి 5,120 గిద్దలని టక్కున చెప్పింది. సోలకు ఎన్ని మిల్లీలీటర్లో తేల్చడానికి అమ్మ ఇత్తడి సోలలో నీళ్లు పోసి కొలిచాను. అత్తగారు అనకాపల్లి నుంచి తెచ్చిన సోల కూడా కొలిచాను. రెండింటికీ అరగ్లాసు తేడా. ఇప్పుడు నా ఫైలులో రెండు సోలలున్నాయి. అరిసెలకు బియ్యం ఎవరి సోలతో కొలవాలన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.