కంటి ఇంజెక్షన్: అవాస్టిన్ మేలా, లూసెంటిస్ మేలా?

నెల్లూరు, తిరుపతి నుంచి చెన్నైకి కంటి వైద్యానికి వచ్చే మనవాళ్ళకు డాక్టరు రెటీనా (కంటి లోపలి తెర) జబ్బుకు ఇంజెక్షన్ రాయగానే పట్టుకునే టెన్షన్ ఒకటే: తక్కువ ధర అవాస్టిన్ వేయించుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుందేమో!

అవాస్టిన్ అసలు క్యాన్సర్ మందు. చిన్న వయల్ (మందు సీసా)లోనే 4 మిల్లీలీటర్లు ఉంటుంది, కంటికి కావాల్సింది 0.05 మిల్లీలీటరు. అందుకే ఒక వయల్‌ను చాలామందికి పంచుతారు. ధర తగ్గేదీ అక్కడే, భయమూ అక్కడే. పంచేటప్పుడు క్రిమి చేరితే ఒకేసారి ఎందరి కళ్ళకో ముప్పు. గుజరాత్‌లో ఈ ఇంజెక్షన్ తర్వాత కొందరి కళ్ళకు ఇబ్బంది వచ్చాకే 2016 జనవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు దాన్ని కంటికి వాడొద్దన్నారు, కొన్ని వారాలకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. కంటి కోసమే చేసిన లూసెంటిస్‌ది ఒక మనిషికి ఒక వయల్, లేదా ముందే నింపిన సిరంజి. ఆ భయం లేదు, కానీ ధర చాలా రెట్లు.

వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బులో చూపు విషయంలో రెండూ దాదాపు సమానమని 2011లో అమెరికా అధ్యయనం తేల్చింది. కాబట్టి నా మాట ఇది: శుభ్రమైన ల్యాబ్‌లో పంచి, సిరంజి మీద బ్యాచ్, తేదీ రాసి ఇచ్చే చోట అవాస్టిన్ నిశ్చింతగా వేయించుకోవచ్చు. ఖరీదైనది ఒక్కసారి వేయించుకుని డబ్బుల్లేక మానేయడం కంటే అదే నయం. "సిరంజి ఎక్కడ నింపారు, ఎప్పుడు?" అని అడిగితే జవాబు రాని చోట మాత్రం అప్పు చేసైనా లూసెంటిసే.

ఏ మందైనా, మొత్తం మీద ఇన్ఫెక్షన్ వచ్చేది రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి. దాన్ని ఆపడంలో ముఖ్యమైనది సూదికి ముందు కంట్లో వేసే బెటడిన్ అనే క్రిమినాశక మందు. గోధుమరంగు చుక్క, బాగా మండుతుంది. వద్దనకండి. సూది వేసేటప్పుడు మాట్లాడకండి, నోట్లో క్రిములు కంటికి ప్రమాదం.

సాయంత్రం రైలుకే ఊరెళ్ళేవాళ్ళు ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు రాసుకోవాలి. తెల్లగుడ్డు మీద నొప్పి లేని ఎర్రమచ్చ మామూలే. వారం లోపల నొప్పి పెరిగి, చూపు మసకబారితే మెడికల్ షాపు చుక్కలతో సరిపెట్టకండి. అది ఇన్ఫెక్షన్ అయితే యాంటీబయాటిక్‌ను కంటి లోపలికే ఇవ్వాలి. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఫోన్ చేసి బయల్దేరండి.