కోబే: కొండ దిగితే సముద్రం

మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగంలో చేరాక నేను, మా ఆయన రెండుసార్లు జపాన్ వెళ్లొచ్చాం. మొదటిసారి ఏప్రిల్ మొదటి వారంలో, రెండోసారి నవంబర్ మూడో వారంలో. మొదటిసారి అందరూ చేసినట్టే చేశాం. క్యోటోకి నాలుగు రోజులు, కోబేకి రెండు పూటలు. ఆ రెండు పూటల్లోనే నాకు మనసు ఆగిపోయింది. వెనక కొండ, ముందు ఓడరేవు, మధ్యలో ఏటవాలు వీధులు. విశాఖలో పుట్టి, అక్కడే సైన్సు టీచరుగా రిటైరైనదాన్ని, ఆ వాలు చూస్తే కొత్త ఊళ్లో ఉన్నట్టే అనిపించలేదు. అందుకే రెండోసారి కోబేలోనే ఐదు రాత్రులు ఉన్నాం. ఒసాకా నుంచి రైల్లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే కదా, వెళ్లి వచ్చేయొచ్చు అంటారు చాలామంది. నా మాట వింటే కనీసం మూడు రాత్రులు అక్కడే పడుకోండి.

కోబేలో దారి తప్పడం కష్టం. పైకి ఎక్కుతున్నామంటే ఉత్తరం, దిగుతున్నామంటే దక్షిణం. అక్కడివాళ్లు దారి చెప్పేటప్పుడు కూడా "యామ వైపు, ఉమి వైపు" అంటారు, అంటే కొండ వైపు, సముద్రం వైపు. పెద్ద షాపుల లోపల కూడా ఏ గేటు ఎటో ఇలాగే రాసి ఉంటుంది. రెండో రోజుకల్లా మా ఆయన "కొండ వైపు గేటు దగ్గర నిలబడతాను, వచ్చేయ్" అనడం మొదలుపెట్టారు.

బస గురించి ముందే చెప్తాను, ఎందుకంటే మొదట్లో మేం చేసిన తప్పు అదే. మొదటి రెండు రాత్రులకి కొండ వైపున్న కితానో అనే పేటలో, వాలు మీద ఒక చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. ఫొటోల్లో కిటికీ, కిటికీలోంచి రేవు, చాలా బాగుంది. నిజంగానే బాగుంది కూడా. కానీ లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, రోడ్డు నుంచి గుమ్మం దాకా సూట్‌కేసులు లాగేసరికి మా ఆయనకి నడుం పట్టేసింది. బుకింగ్ పేజీలో మెట్ల మాటే లేదు. అరవై దాటినవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు బుక్ చేసేముందు లిఫ్టు ఉందా, స్టేషన్ నుంచి దారి ఎంత ఎక్కుడు అని తప్పకుండా అడగండి. తర్వాతి రెండు రాత్రులు సన్నొమియా స్టేషన్ పక్కన మామూలు బిజినెస్ హోటల్‌లో ఉన్నాం. గది ఎంత చిన్నదంటే ఒక పెట్టె తెరిస్తే రెండోది మూయాలి. అయినా లిఫ్టు, బట్టలుతికే మిషన్, కింద కన్వీనియన్స్ స్టోర్, ఐదు నిమిషాల్లో రైలు. మాకు అదే సుఖంగా ఉంది. నడకలే ముఖ్యమనుకునేవాళ్లు షిన్-కోబే స్టేషన్ దగ్గర చూసుకోండి. చివరి రాత్రి అరిమాలో ఉన్నాం, దాని సంగతి తర్వాత చెప్తాను.

షిన్-కోబే బుల్లెట్ ట్రెయిన్ స్టేషన్. దాని కిందనుంచి వెనక్కి వెళ్తే, నాలుగు అడుగుల్లో ఊరు అయిపోతుంది, అడవి మొదలవుతుంది. నేను ఊరికే అనడం లేదు. పైన రైలు ఆగిన చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, కింద ఏరు పారుతూ ఉంటుంది. పాత ఇటుకల వంతెన దాటి మెట్లెక్కితే నునొబికి జలపాతాలు. నాలుగున్నాయి. అన్నిటికంటే పైది, పెద్దది ఒన్‌తాకి, 43 మీటర్లు. నునొబికి అంటే గుడ్డ పరిచినట్టు అని అర్థమట. చెప్పక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. నల్లటి రాతి మీద ఎవరో తెల్ల జరీ చీర ఆరేసినట్టే ఉంది. నవంబర్‌లో నీళ్లు మరీ ఎక్కువ లేవు, అందుకే ఆ రాతి మడతలు కనిపించాయి. పక్కన మేపుల్ కొమ్మ ఒకటి వంగి ఉంది. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మూడూ ఉన్నాయి. ఎండ తగిలే చివర ఎర్రబడింది, లోపల ఇంకా పచ్చగానే ఉంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకి బోర్డు మీద చెప్పిన పాఠం కళ్ల ముందు కనిపిస్తే అక్కడే నిలబడిపోయాను.

మామూలుగా పదిహేను నిమిషాల ఎక్కుడు. నా మోకాళ్లకి అరగంట పట్టింది. జలపాతం పక్కనే ఒక పాత టీకొట్టు ఉంది. అక్కడ కూర్చుని అమజాకే తాగాం. బియ్యంతో చేసే తియ్యటి వేడి పానీయం, పల్చటి పరమాన్నంలా ఉంటుంది. ఇంకొంచెం పైకి వెళ్తే ఊరంతా కనిపించే చోటు, ఆపైన 1900లో కట్టిన, పైకి రాయి తాపిన డ్యామ్. తాగునీళ్ల కోసం కాంక్రీటుతో జపాన్‌లో కట్టిన మొదటి గ్రావిటీ డ్యామ్ (సొంత బరువుతోనే నీళ్లని ఆపేది) అది. కోబే రేవులో నీళ్లు నింపుకున్న ఓడలు భూమధ్యరేఖ దాటినా ఆ నీళ్లు పాడవవని నావికులు చెప్పుకునేవారట. ఆ నీళ్లు ఈ కొండలవే. అంత దూరం ఎక్కలేనివాళ్లకి స్టేషన్ దగ్గర్నించే రోప్‌వే ఉంది, పది నిమిషాల్లో హెర్బ్ గార్డెన్‌కి చేరుస్తుంది. మా ఆయన అలా వెళ్లారు. పైన తోట చక్కగా ఉంది గానీ, ఏదో ఒకటే చేసే టైముంటే నేను జలపాతం దారికే ఓటేస్తాను, దానికి టికెట్ కూడా లేదు.

దారిలో ఎదురైనవాళ్లలో ఎక్కువమంది మా వయసువాళ్లే. భుజాన చిన్న సంచి, మెడలో తువ్వాలు, ఎదురుపడితే "కొన్నిచివా". ఇక్కడ మైనిచి తోజాన్ అని ఒక అలవాటుంది, రోజూ కొండెక్కడం. మెయిజీ కాలంలో (1868-1912) ఇక్కడ ఉన్న విదేశీయులు పొద్దున్నే వెనక కొండలు ఎక్కడం మొదలుపెడితే ఊరివాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారు. ఎన్నోసారి ఎక్కారో లెక్క రాసుకునే పుస్తకాలు కూడా ఉంటాయి. ఒక హెచ్చరిక: నవంబర్ చివర్లో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, చెట్ల కింద ఇంకా ముందే చీకటి. నాలుగుకల్లా కిందికి దిగండి. అడవిపందులు తిరుగుతాయి, వాటికి ఏమీ పెట్టవద్దని బోర్డులుంటాయి. చేతిలో తినుబండారాల కవరు వేలాడేసుకుని నడవకండి.

కితానోలో పాత విదేశీ వర్తకుల ఇళ్లు చూడ్డానికి అందరూ వెళ్తారు. ఇంటింటికీ వేరే టికెట్, అన్నీ కొంటే డబ్బు బాగానే అవుతుంది. లోపల ఫర్నిచర్ చూడాలని బాగా ఇష్టం ఉంటే తప్ప ఒకటి, రెండు చాలు. మరమ్మతులకి ఏది మూసి ఉందో ముందు చూసుకోండి. 1909 నాటి గాలికోడి ఇల్లు (కప్పు మీద గాలి దిక్కు చూపే కోడి బొమ్మ ఉంటుంది) ఎదుట చౌకులో కూర్చోవడం, పక్కన తెన్‌మన్ గుడి మెట్లెక్కి కింద రేవుని చూడడం మాకు ఎక్కువ నచ్చాయి. ఆ వీధుల్లోనే పాలరాతి జైన మందిరం ఉంది, 1985లో కట్టారు. కొంచెం కిందికి 1935 నాటి మసీదు, జపాన్‌లో మొదటిది. 1945 బాంబుల్లోనూ, 1995 భూకంపంలోనూ నిలబడింది. 1923లో యోకొహామా భూకంపం తర్వాత అక్కడి భారతీయ వర్తకులు చాలామంది కోబేకి మారారు. అందుకే ఇక్కడ మన మసాలా వాసన తగిలే వీధులున్నాయి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. మా ఆయన పూర్తి శాకాహారి, నేను చేపలు తింటాను. సన్నొమియా, కితానో మధ్య భారతీయ హోటళ్లు ఉండడంతో ఆయనకి ఇబ్బంది కాలేదు. ఒక జపనీస్ హోటల్‌లో మాత్రం మాంసం, చేప వద్దని ఫోన్‌లో చూపించి మరీ చెప్పాం, సరేనన్నారు. సూపు రెండు గుటకలు తాగాక వడ్డించే అమ్మాయి వచ్చి, అడుగున చేపతో కాచిన రసం ఉందని చెప్పింది. వాళ్ల లెక్కలో చేప ముక్క లేకపోతే చేప లేనట్టే. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ పూట ఇంకేమీ ముట్టలేదు. ఆ చేప రసాన్ని కత్సువొ దాషి అంటారు, శాకాహారులు "కత్సువొ దాషి వద్దు" అని విడిగా రాయించుకుని దగ్గర పెట్టుకోండి. కోబే బీఫ్ మేం తినం కాబట్టి దాని గురించి చెప్పలేను.

మోతోమాచి స్టేషన్ నుంచి కొండ వైపు పది నిమిషాలు నడిస్తే సొరాకుఎన్ తోట. గైడ్ పుస్తకాల్లో రెండు లైన్లే ఉంటుంది. నాకు మాత్రం కోబే మొత్తంలో నచ్చిన రెండో చోటు. శరదృతువులో చామంతుల ప్రదర్శన పెడతారు. ఒక్క కాండం మీద కొబ్బరి చిప్పంత పువ్వు, రేకులు జారకుండా కింద గుండ్రంగా కట్టిన తీగ. మన పూలబుట్టల్లో తూకానికి అమ్మే చామంతి ఇదేనా అని దగ్గరికి వెళ్లి వాసన చూశాను, ఆ చేదు కలిసిన వాసన అదే. తోటలో 1902లో హస్సామ్ అనే భారతీయ సంతతి వర్తకుడి కోసం కట్టిన ఇల్లుంది, కితానో నుంచి ఇక్కడికి తరలించారు. ఇంటి ముందు గడ్డిలో ఇటుకల ముద్ద ఒకటి పడి ఉంది. భూకంపంలో పైకప్పు మీద కూలిన పొగగొట్టం. ఎత్తి పారేయకుండా అలాగే ఉంచారు.

అక్కడి నుంచి సువయామా కొండ. పైన 8 అంకెలా మెలి తిరిగిన నడక వంతెన, పేరు వీనస్ బ్రిడ్జి. ప్రేమికుల చోటని అమ్మాయి చెప్తే, పేరు అందుకే అనుకున్నాను. కాదు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుడి మీదుగా దాటినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఇక్కడ నిలబడి చూశారు, దానికి గుర్తుగా రాతి స్తంభం కూడా ఉంది. అది చదవగానే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అదే రోజు, అదే శుక్రుణ్ణి, మా విశాఖలో డాబాగార్డెన్స్ దగ్గర గోడే వెంకట జగ్గారావు గారు 1840లో పెట్టిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు చూశారు. ఆ వేధశాల ఇప్పుడు లేదు, మా పిల్లలకి ఆయన పేరూ తెలియదు. స్తంభం పక్కన నిలబడి అమ్మాయికి మొత్తం కథ చెప్పాను. చలిగా ఉంది, కింద దీపాలు వెలుగుతున్నాయి, అది కదలకుండా వింది. రాత్రి వ్యూ కోసం రొక్కో, మాయ కొండలు ఇంకా ఎత్తు, ఇంకా అందం అంటారు. మాయ కేబుల్ కారుకి మంగళవారం సెలవు, మామూలు రోజుల్లో తొందరగా ఆగిపోతుంది, అది చూసుకుని వెళ్లండి. మాకు సువయామాయే చాలింది.

రేవు దగ్గర మెరికెన్ పార్క్ చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లకి హాయి. 108 మీటర్ల ఎర్ర పోర్ట్ టవర్ 1963 నాటిది, నడుం సన్నగా డమరుకంలా ఉంటుంది. దాని దగ్గరే భూకంపంలో విరిగిన రేవు గట్టుని 60 మీటర్ల మేర అలాగే వదిలేశారు. దీపస్తంభాలు పక్కకి ఒరిగి, రాళ్లు నీళ్లలోకి జారి ఉంటాయి. 1995 జనవరి 17, ఉదయం 5:46. చనిపోయినవాళ్లు 6,434 మంది. హుద్‌హుద్ తెల్లారి మేం బీచ్ రోడ్డు మీదికి వెళ్లి, వేళ్లతో సహా లేచిపోయిన చెట్ల మధ్య నిలబడిన పొద్దు గుర్తొచ్చింది. మా ఆయన ఆ గట్టు దగ్గర చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. దగ్గర్లో హిగాషి యూఎన్‌చి పార్కులో 5:46కి ఆగిన గడియారం, ఆరని దీపం ఉన్నాయి. ఒక్క మ్యూజియమే చూస్తామనుకుంటే భూకంపం మీద 2002లో తెరిచిన మ్యూజియం చూడండి, పూట పడుతుంది.

ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లు సుమా వైపు వెళ్లండి. రైలు సముద్రం అంచునే పోతుంది, సుమా-ఉరా పార్కులో చెర్రీ పూల కింద కూర్చుంటే ఓడలు కనిపిస్తాయి. ఇంకొన్ని స్టేషన్లు అటు ఆకాషి వంతెన, మొత్తం 3,911 మీటర్లు. మధ్య స్పాన్, అంటే రెండు పెద్ద స్తంభాల మధ్య దూరం, 1,990 మీటర్లకి డిజైన్ చేస్తే, కడుతుండగా వచ్చిన భూకంపానికి స్తంభాలు జరిగి దాదాపు ఒక మీటరు పెరిగింది. నాదా అనే పేటలో సాకే (బియ్యంతో చేసే మద్యం) కార్ఖానాలు మాకు పట్టలేదు, వదిలేశాం.

అరిమా కొండ అవతల ఉన్న వేడినీటి ఊరు, సన్నొమియా నుంచి అరగంట, నలభై నిమిషాలు. ఇక్కడి "బంగారు నీళ్లు" పైకి వచ్చేటప్పుడు తేటగా ఉండి, ఇనుము గాలి తగిలి తుప్పు రంగుకి తిరుగుతాయి. తెల్ల తువ్వాలు ముంచితే ఇటుక రంగు అంటుకుంటుంది. అందరి ముందూ బట్టల్లేకుండా స్నానం అంటే నాకు చాలా టెన్షన్. అందుకే గంటసేపు మనకే ఇచ్చే విడి స్నానాల గది ఉన్న సత్రం వెతికి తీసుకున్నాం. ఖర్చు ఐదు రాత్రుల్లో ఆ ఒక్కదానికే ఎక్కువ. నా మోకాళ్ల వరకు చెప్తే, ఆ ఖర్చు నాకు బాధనిపించలేదు. మర్నాడు జుయిహోజి పార్కులో ఎర్ర ఆకుల మీద ఒక్కసారి కూడా ఆగకుండా నడిచాను. అంత ఖర్చు వద్దనుకుంటే పొద్దున వెళ్లి ఊరి స్నానశాలలో మునిగి సాయంత్రానికి వచ్చేయొచ్చు. నగలు ముందే తీసి భద్రం చేసుకోండి.

సామాను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి పంపే తక్యూబిన్ సర్వీసు వాడుకోండి. మేం ఒక చిన్న సంచితో అరిమా వెళ్లాం, పెట్టెలు ఒసాకాలో అమ్మాయి ఇంటికి మాకంటే ముందే చేరాయి. ముందే డబ్బు వేసుకుని వాడే ఇకోకా కార్డు ఒకటి ఉంటే రైలు, బస్సు, కన్వీనియన్స్ స్టోర్ అన్నిటికీ పనికొస్తుంది.

ఈసారి జూన్‌లో వెళ్లాలనుకుంటున్నాం. వానాకాలమే, అయినా కొండ మీది వృక్షోద్యానంలో హైడ్రాంజియాలు పూసేది అప్పుడే. అందులో షిచిదాంకా అనే రకం ఒకటుంది. బొమ్మల్లో తప్ప ఎవరూ చూడని ఆ పువ్వు 1959లో రొక్కో కొండల్లో మళ్లీ దొరికింది. అమ్మాయికి లీవు దొరికితే, స్టేషన్ పక్కన లిఫ్టున్న గదే తీసుకుంటాం.